మైలడి చోటు

ఎండలు ముదిరాయంటే ఆ కొండల్లో ఏ జంతువు నోట విన్నా మందబాట మాటే. ఎప్పుడో ఆవులమందలు తొక్కి వేసిన దారి అది. కొండ కొసన మొదలై, అడవంతా తిరిగి, ఎక్కడో ఏటి ఒడ్డున ఆగుతుంది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు మొత్తం నడిచేవాళ్లు. ముసలివాళ్లు, కుంటివాళ్లు మాత్రం అందులో ఏదో ఒక ముక్క ఎంచుకుని, దాని చివరనున్న నీళ్ల దగ్గర వానలు పడేదాకా కాలం వెళ్లదీసేవాళ్లు. ఎంచుకున్న ముక్క మంచిదైతే తొలకరి చూస్తారు, కాకపోతే లేదు. అందుకే దారి చెప్పినవాడు ఆ ముక్క చివరిదాకా తోడు నడవాలని అక్కడ కట్టుబాటు.

పుల్లడు ముసలి ఎద్దు. ఇక నాగలి లాగలేడని రైతు తోలుకొచ్చి అడవి అంచున వదిలేసిపోయాడు. అంతకు ముందు ఏడే అతని జోడు మైలడు కాడి కిందే కూలిపోయాడు. పని చేసినన్నాళ్లూ పుల్లడిది ఎడమపక్క, మైలడిది కుడిపక్క. మైలడు పోయినా పుల్లడు తన కుడివైపు ఇంకో ఎద్దు పట్టేంత చోటు వదిలే నడిచేవాడు, వదిలే పడుకునేవాడు. చూసినవాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వారు, ఆ చోటు పూడ్చుకోవడం పుల్లడికి చేతకాలేదు.

ఆ వేసవి పుల్లడు తాగే గుంట ఎండి నెర్రెలిచ్చింది. ముందుకాలి గిట్ట కూడా చీలింది. ఇక కదలక తప్పదని మందబాట మీదకొచ్చి, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు.

"ఇప్పతోపు ముక్క పట్టుకో పెద్దయ్యా," అంది రాళ్ల మధ్య నుంచి తీతువు పిట్ట. "దూరమే గానీ దారంతా నీడ. చివర ఊటనీళ్ల చెలమ ఉంది, ఎండదు. నేను తోడొస్తా. ఆ గుట్ట అంచు ముక్క మాత్రం వద్దు. పైకి గట్టిగా కనపడుద్ది, లోపలంతా డొల్ల. నిరుడు ఒక ముసలావు అక్కడే లోయలో పడింది. వానలు పడేదాకా గుంటనక్క ఆ లోయలోంచి బయటికి రాలా."

తీతువు కూత వింటే కీడని ఆ అడవిలో అందరూ చెవులు మూసుకుంటారు. పుల్లడూ ఊళ్లో పెరిగినవాడే. బయల్దేరబోతుంటే ఈ పిట్ట ఎదురైందేమిటనుకున్నాడు. మాట చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు.

"అపశకునపు పిట్టా, పో అవతలికి!" అంటూ గుంటనక్క పొదలోంచి వచ్చాడు. "ఏం మామా, ఆ కాలితో ఇప్పతోపు దాకా పోతావా? సగం దారిలోనే పడిపోతావు. గుట్ట అంచు ముక్క ఇక్కడికిక్కడే. చివర మడుగుంది."

"డొల్లంట కదరా అల్లుడూ?"

"నిన్నగాక మొన్న నడిచా. నా మాట నమ్మవా? కట్టుబాటు ప్రకారం తోడొస్తా. ముందూ వెనకా కాదు, నీ పక్కనే. మీ మైలడి చోట్లో నడుస్తా, సరేనా?"

పుల్లడి కళ్లు చెమర్చాయి. ఆ చోట్లో నడుస్తానని అడిగినవాడు ఇన్నాళ్లకు వీడొక్కడే. చిన్న దారని కాదు, ఆ ఒక్క మాటకే పుల్లడు సరేనన్నాడు. తీతువు మళ్లీ రాళ్ల మధ్యకే పోయింది. ఎవరూ వినకపోవడం దానికి అలవాటే.

ఇద్దరూ నడిచారు. దారి ఇరుకైంది. ఎడమవైపు నిట్టనిలువు బండ, కుడివైపు లోయ. నక్క లోయవైపు నడుస్తున్నాడు. అడుగడుగుకీ అంచుకేసి చూసుకుంటున్నాడు.

"మామా, నువ్వు బయటివైపుకు రా. నేను బండ పక్కకి వస్తా. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"కుదరదురా. ఎడంపక్కన ఎవరన్నా ఉంటే నాకు కాళ్లాడవు. పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి నాదే ఎడంపక్క."

నక్క ఊరుకోలేదు. పుల్లడికీ బండకీ మధ్య దూరబోయాడు. పుల్లడి ఒళ్లు అలవాటుగా ఎడమకు ఒరిగింది. పక్కటెముకలు నలిగి, నక్క కుయ్యోమంటూ మళ్లీ కుడివైపుకే వచ్చి పడ్డాడు.

"పోనీ నేను వెనక నడుస్తా. నువ్వు పద."

నక్క ఆగాడు. పుల్లడూ ఆగాడు.

"నడవవేం?" నక్క పళ్లు కొరికాడు.

"జోడు ఆగితే నేనెట్టా నడుస్తారా? నాగలి అట్టా సాగదు. నువ్వొస్తేనే నా కాలు లేచుద్ది."

నడినెత్తిన ఎండ. బండ కాలిపోతోంది. అక్కడే నిలబడితే ఇద్దరూ మాడిపోతారు. వెనక్కి తిరగడానికి ఎద్దుకు చోటు లేదు. నక్క ఒక్కడే పారిపోవచ్చు గానీ, వేసవంతా సరిపోయే తిండి కళ్లెదుట నిలబడి ఉంటే వాడికి కాళ్లు రాలేదు. ఆశకొద్దీ అంచు మీద కాలు పెట్టాడు. పక్కనే పుల్లడూ బరువుగా అడుగేశాడు. ఆ అదురుకి అంచు విరిగింది. మట్టితో పాటు నక్క కూడా లోయలోకి జారిపోయాడు.

పుల్లడు బండకు అతుక్కుపోయాడు. దుమ్ము అణిగాక కిందికి చూశాడు. నక్క కాలు విరిగి, రాళ్ల మధ్య పడి ఉన్నాడు.

"తెలిసే చేశావు కదూ, ముసలోడా?" కింది నుంచి అరిచాడు.

"నాకేం తెలుసురా? ఆ చోటు నేను ఇవ్వలా. నువ్వే అడిగి తీసుకున్నావు."

తీతువు చెప్పిందంతా అప్పుడు గుర్తొచ్చింది పుల్లడికి. మైలడి పేరు చెప్పి మరీ మోసం చేశాడని తెలిసింది. కుడివైపు చోటు మళ్లీ ఖాళీ అయింది. కుంటుకుంటూ, బండను రాసుకుంటూ, ఎలాగో మడుగు చేరాడు.

మడుగంటే పేరుకే మడుగు. సన్నగా ఊరుతున్న నీళ్లు కుడితి తొట్టెడున్నాయి. పుల్లడు ఎడమ ఒడ్డున నిలబడి సగం తాగి తల ఎత్తేశాడు. దాహం తీరలేదు. అయినా తొట్టి దగ్గర ఎప్పుడూ మిగతా సగం మైలడిదే.

పొద్దు వాలుతుండగా నక్క లోయ వెంబడి దేక్కుంటూ అక్కడికే వచ్చాడు. మిగిలిన నీళ్లను చూశాడు, పుల్లడిని చూశాడు.

"తాగనా మామా?"

"అవి నీవి కావు. మైలడివి," అన్నాడు పుల్లడు. ముఖం పక్కకు తిప్పుకుని, "తాగు. వాడుంటే కాదనడు," అన్నాడు.

నక్క తలొంచుకుని తాగాడు. ఆపైన పుల్లడికి దూరంగా, అతని ఎడమవైపుకి దేకబోయాడు.

"అటు కాదు," అన్నాడు పుల్లడు. "ఇటు రా. అడిగి తీసుకున్నావుగా. వానలు పడేదాకా ఇక్కడే పడుండు."

నక్క వచ్చి మైలడి చోట్లో పడుకున్నాడు. ఎంత ముడుచుకున్నా, సాగదీసుకున్నా, ఆ చోటు వాడికి నిండలేదు. ఆ రాత్రీ పుల్లడికి కుడిపక్క ఖాళీగానే ఉంది.

నీతి: తోడు నడుస్తానని ఒకరి పక్కన చోటు అడిగితే, ఆ చోటు ఎటువైపున్నా అక్కడే నడవాలి.