రాణిగారు కోయించిన నాలుక

లింగమూర్తి మాస్టారికి ఒక అలవాటుంది. నాటకం రిహార్సల్ అయ్యాక మమ్మల్నందరినీ చాప మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు నా తప్పులు చెప్పండి" అంటారు. అనగానే ఒక పెద్ద కిళ్ళీ నోట్లో పెట్టుకుంటారు. మేము చెప్పినంతసేపూ దవడ ఆడిస్తూ వింటారు తప్ప ఒక్క మాట అనరు. చీరాలలో ఆయన దగ్గర పద్యనాటకం నేర్చుకున్న పదేళ్ళూ, మాస్టారికి కిళ్ళీ యావ ఎక్కువని నవ్వుకున్నానే గాని నాకు మరో ఆలోచన రాలేదు.

ఆయన శిష్యుల్లో నీలవేణి ఒకతె. గుడివాడలో మందుల షాపులో పనిచేస్తుంది. రోజంతా నిలబడి డాక్టర్ల చీటీలు చదివే ఆ పిల్లకు వారానికి ఒకటే సరదా. శనివారం సాయంత్రం అయిదింటికి వీడియో కాల్‌లో వేషాల ఆట నడుపుతుంది. ఆమెతో కలిపి ఆరుగురం, తలా ఒక ఊళ్ళో ఫోను ముందు కూర్చుంటాం. ఆమె కల్పించిన రాజ్యంలో ఒక్కొక్కరికి ఒక్కో వేషం. కథ నడిపేదీ, రాణి వేషం కట్టేదీ ఆమే. నాది వంటవాడి వేషం. నంద్యాల అమ్మాయి రజియాది పడవ నడిపే వేషం. మా అందరిలోకీ బాగా ఆడేది తనే. రెండేళ్ళు నడిచాక రజియా మానేసింది, వెనకే మరొకరు. నలుగురం మిగిలాం. ఇంకొక్కరు పోతే ఆట కట్టేసుకోవలసిందే.

నీలవేణి మాస్టారింటికి వచ్చిన ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాస్టారూ, మనుషుల చేత నిజం చెప్పించడం ఎలాగండీ? ఆట ఎలా ఉంది, ఏం మార్చాలి అని పద్దెనిమిది ప్రశ్నలతో ఫారం పంపాను. అందరూ అయిదుకి అయిదు చుక్కలు పెట్టారు. పెట్టినవాళ్ళే మానేశారు! నా మొహం మీదే అబద్ధాలాడారండీ. ఇదిగో, ఈయన కూడా!"

నేను తల దించుకున్నాను. లోపల మాత్రం ఒళ్ళు మండింది. టీ తాగితే ఫారం, ఆటో దిగితే చుక్కలు. అడగడానికి అందరికీ తీరికే, వినడానికే ఎవరికీ ఓపిక లేదు. ఆ మాట అక్కడే అనేయవలసింది. అనలేదు. నా పిరికితనాన్ని తలచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ కోపం.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "వచ్చే శనివారం నాకూ ఒక వేషం ఇయ్యమ్మా" అన్నారు.

ఆస్థాన లేఖకుడి వేషం ఇచ్చింది. ఆ శనివారం గంట ఆట అయ్యాక నీలవేణి ఎప్పటిలాగే అయిదు నిమిషాలు ఆపి, "ఏ లోపమున్నా మొహమాటం లేకుండా చెప్పండి. నేనేమీ అనుకోను" అంది. మేము ముగ్గురం ఒకే గొంతుతో బాగుందన్నాం. మాస్టారు మాత్రం, "అమ్మాయ్, గంటలో నలభై నిమిషాలు రాణిగారే మాట్లాడారు. వంటవాడికి రెండు మాటలు కూడా దక్కలేదు" అన్నారు.

"మంచి మాట చెప్పారు మాస్టారూ, రాసుకుంటున్నాను" అని నవ్వింది. నిజంగానే రాసుకుంది.

ఆట మళ్ళీ మొదలై పావుగంట కాలేదు. రాజ్య రహస్యాలు శత్రువులకు చేరవేస్తున్నాడని లేఖకుడి మీద నేరం పడింది. భటులు ఈడ్చుకొచ్చారు. "వీడి నాలుక కోయండి" అంది రాణి. అప్పుడు నీలవేణి గొంతులో కక్ష లేదు. కథ రక్తి కట్టిందన్న సంబరమే ఉంది. అందుకే నాకు మరింత మంటెత్తింది. తానేం చేస్తోందో ఆమెకు బొత్తిగా తెలియదు!

మిగిలిన ముప్పావుగంటా మాస్టారు తెర మీద కదలకుండా కూర్చున్నారు. ఆట ముగిసింది. "ఎలా ఉందండీ, మాస్టారూ?" అని నీలవేణి అడిగింది. ఆయన నోరు తెరిచి, వేలితో నాలుక చూపించి, లేదన్నట్టు చెయ్యి తిప్పారు.

"ఆట అయిపోయిందండీ. ఇక మాట్లాడొచ్చు."

మళ్ళీ అదే సైగ.

"పెద్దవారు, మీరు కూడా నన్ను ఏడిపిస్తే ఎలాగండీ?" ఆమె గొంతు లేచింది.

ఇన్నాళ్ళూ నొక్కిపెట్టిందంతా నాకు అప్పుడు పొంగుకొచ్చింది. "ఆయనకే కాదు నీలవేణీ, ఇక్కడ ఎవరికీ నాలుక లేదు! ఏప్రిల్‌లో రజియా ఏమంది? నా వంతు రావడం లేదక్కా అంది. నువ్వు రాసుకున్నావు. ఆ సాయంత్రమే దాని పడవ ముంచావు. మూడు వారాలు ఆ పిల్ల చచ్చిన వేషంతో ఫోను పట్టుకుని కూర్చుంది. అది చూశాకే కదా మేమంతా అయిదు చుక్కలు పెట్టడం నేర్చుకున్నాం! పోతూ పోతూ అదీ అయిదే పెట్టింది."

"కథకు అలా కుదిరింది!" అని అరిచింది నీలవేణి. ఆమె కాల్ కట్ చేసింది.

మర్నాడు, నేను మాస్టారింట్లో ఉండగానే, మొదటి రైలెక్కి చీరాల వచ్చింది. గుమ్మంలోనే నిలబడి మాస్టారి మీద నిప్పులు కక్కింది. "నలుగురిలో నా పరువు తీశారు. రెండేళ్ళ కష్టమండీ నాది! ఆ రజియా అయినా, అంత బాధ పడితే నాతో గట్టిగా ఎందుకు చెప్పలేదు? నేనేమన్నా కొడతానా? చెప్పినవాళ్ళను నేనేం చేశాను?"

ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఏం చేసిందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కోపం మాత్రం చల్లారలేదు. అది ఎవరి మీద చూపాలో తెలియక కాసేపు ఫోను నలుపుతూ నిలబడింది.

"ఇప్పుడు రజియాకి ఫోన్ చేస్తే తిడుతుంది" అంది చివరికి.

"తిట్టనీ."

"తిడితే నేను పడలేను మాస్టారూ. నా సంగతి నాకు తెలుసు. ఏదో ఒకటి అనేస్తాను."

మాస్టారు లేచి, అలమరలోంచి తమలపాకులు తీసి, తీరిగ్గా ఒక పెద్ద కిళ్ళీ చుట్టి ఆమె చేతిలో పెట్టారు.

"ఎందుకు మానేశావని అడుగు. అడగ్గానే ఇది నోట్లో పెట్టుకో."