ప్రెస్ నోట్ విన్న పైడమ్మ

హరనాథ్ ఫోన్ మోగుతోంది. అతను ఎత్తడం లేదు.

ఆశ్రమానికి రాకముందు అతను ఒక సిమెంటు కంపెనీలో పీఆర్వో. కంపెనీకి పనికొచ్చే వార్త పేపర్లో వచ్చేలా, పనికిరానిది రాకుండా చూడడం అతని ఉద్యోగం. అందులో దిట్ట అని పేరు. తర్వాత దాని మీద మనసు విరిగి, కొండల కింద ఉన్న నిర్మోహస్వామి ఆశ్రమానికి వచ్చి తెల్లబట్టలు కట్టాడు. బట్టలు మారాయి గానీ పని మారలేదు. ఆశ్రమం వార్తలు పత్రికలకు పంపేది అతనే. విలేకరులు ఏదడిగినా జవాబు చెప్పేదీ అతనే, ప్రశ్న నచ్చితే.

ఈసారి ప్రశ్న నచ్చేది కాదు. ఆశ్రమం ఆసుపత్రిలో ఉచితంగా కంటి ఆపరేషన్లు చేశారు. చేయించుకున్నవాళ్ళు ఊళ్ళకు వెళ్ళాక, దగ్గరి ఊళ్ళవాళ్ళు కొందరు కన్ను వాచి తిరిగొచ్చారు. ఆపరేషన్‌లో వాడిన మందు చెడిపోయిందని డాక్టరు తేల్చాడు. వెంటనే వస్తే కన్ను దక్కుతుంది, ఆలస్యం చేస్తే పోతుంది అన్నాడు. ఆశ్రమానికి ఉన్నది ఒక్క జీపు. మిగతావాళ్ళను తీసుకురావడానికి అది పొద్దున్నే బయల్దేరింది. ఊళ్ళేమో కొండల చుట్టూ చెదిరి ఉన్నాయి, చాలా చోట్ల ఫోన్ పలకదు.

ఫోన్ చేస్తున్నది సలోమి. ఆ ప్రాంతపు విలేకరి. విషయం ఆమె చెవిన పడింది. అవతలివాళ్ళ మాట వినకుండా వార్త పంపే మనిషి కాదు కాబట్టి వదలకుండా చేస్తోంది.

హరనాథ్ స్వామిని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన ఆసుపత్రి వరండాలో, డాక్టరు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"స్వామీ, ఆ విలేకరి వదిలేలా లేదు. ఫోన్ ఎత్తితే తప్పు ఒప్పుకున్నట్టు. ఎత్తకపోతే 'వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు' అని రాస్తుంది. అదీ పరువు తక్కువే. అందుకని ప్రెస్ నోట్ తయారు చేశాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మీరు సరేనంటే అన్ని పత్రికలకూ పంపేస్తాను."

అబద్ధం లేదన్న మాట కొంచెం గర్వంగానే అన్నాడు. అతని లెక్కలో అందులో అబద్ధం లేదు. అలా రాయడం అందరికీ చేతకాదు.

స్వామి కాగితం అందుకున్నాడు. పక్కన ఒక ముసలావిడ ఎడమ కన్ను మీద గుడ్డ అదుముకుని, గోడకు ఆనుకుని ఉంది. పేరు పైడమ్మ. బాధకు మూలుగుతోంది.

"పైడమ్మా, రేపు పేపర్లో వేయిస్తారట. వింటావా?"

"సదువు సామీ."

స్వామి నెమ్మదిగా చదివాడు. "ఇటీవలి శిబిరంలో చికిత్స పొందినవారిలో కొద్దిమందికి స్వల్ప అసౌకర్యం కలిగినట్లు మా దృష్టికి వచ్చింది. శస్త్రచికిత్స అనంతరం కొంత నొప్పి సాధారణమే. నిపుణులైన వైద్యులు పరిస్థితిని నిరంతరం సమీక్షిస్తున్నారు. ఎవరూ ఆందోళన చెందనవసరం లేదు."

పైడమ్మ కాసేపు ఆలోచించింది.

"నొప్పి మామూలేనంటన్నారా?"

"అలాగే రాసి ఉంది."

"బెంగెట్టుకోనక్కర్లేదా?"

"అక్కర్లేదని ఉంది."

పైడమ్మ గోడ పట్టుకుని లేచింది. సంచీ భుజానికి తగిలించుకుంది.

"మరైతే నానెల్తాను సామీ. ఇంటికాడ మేకలున్నాయి. రేతిరంతా మంటెత్తిపోతంటే ఏటైపోనాదో అని బయపడిపోనాను. పెద్దోలు పేపర్లో ఏయిస్తంటే అబద్దమౌతాదా? బేగి ఎల్తే బస్సు దొరుకుతాది."

గుడ్డ కంటికి అదుముకునే మెట్లు దిగసాగింది.

హరనాథ్ పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, వెళ్ళొద్దు. డాక్టరు చూడాలి. ఆగు."

వెనక నుంచి స్వామి అడిగాడు. "నువ్వు రాసింది నమ్మింది కదా నాయనా. ఎందుకు ఆపుతున్నావు?"

పైడమ్మ ఒక కంటితో ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఉండమంటున్నారో పొమ్మంటున్నారో ఆవిడకు తేలలేదు. హరనాథ్ ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మళ్ళీ కూర్చోబెట్టాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తాడు.

"సలోమి గారూ, రాసుకోండి. ఆపరేషన్లలో వాడిన మందు చెడిపోయింది. తప్పు మాదే. చేయించుకున్నవాళ్ళు నొప్పి ఉన్నా లేకపోయినా వెంటనే ఇక్కడికి రావాలి. దూరమైతే దగ్గరున్న ఏ కంటి ఆసుపత్రికైనా వెళ్ళాలి. ఆలస్యం చేస్తే కన్ను పోతుంది. పోతుందనే రాయండి. ఇంకో మాట వాడకండి."

సలోమి అంతా రాసుకుంది.

"ఇది మీ పేరుతో వేయొచ్చా?"

"వేయండి."

"ఎంతమంది రావాలి?"

చెప్పాడు. ఆమె గొంతులో నమ్మకం కన్నా అనుమానమే ఎక్కువ. తప్పు ఆమెది కాదు.

"హరనాథ్ గారూ, సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. కిందటేడు మీ ఆశ్రమం హాస్టల్లో పిల్లలు జబ్బుపడ్డ వార్త నేను పంపగానే మీరు మా ఎడిటర్‌కి ఫోన్ చేశారు. అది తెల్లారేసరికి లోపలి పేజీలో అగ్గిపెట్టంత అయింది. ఇప్పుడు కూడా నేను పంపగానే ఆయనకు ఫోన్ చేస్తారా?"

"చేస్తాను," అన్నాడు హరనాథ్. "మొదటి పేజీలో వేయమని బతిమాలుకుంటాను."