బాల్కనీలో ఇనుము

విశాలాక్షిగారు సివిల్ ఇంజనీరింగ్ విభాగంలో ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్నారు. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

ఒకరోజు ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న ప్రభుదాసు కాస్త కోపంగానే వచ్చాడు. "మేడమ్, కొర్రా జమున ఈ సెమిస్టరంతా ఏఐతోనే చదివిందట. తనే చెప్పింది. జవాబులన్నీ యంత్రమే ఇస్తుంటే ఇక పిల్లలు నేర్చుకునేదేముంది?"

జమున పాడేరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి. విశాలాక్షిగారు చెప్పే సబ్జెక్టు అప్పటికే రెండుసార్లు తప్పింది. మళ్లీ తప్పితే చదువు మానేసి ఇంటికి పోవాల్సిందే.

"మధ్యాహ్నం ఆమెకి వైవా ఉంది. ప్రశ్నలు నువ్వే అడుగు. దయ చూపించకు," అన్నారు విశాలాక్షిగారు.

అతను చూపించలేదు. గురువుగారు పక్కన కూర్చుని వింటుండగా అరగంట అడిగాక, కావాలనే ఒక మెలిక పెట్టాడు. "ముందుకి పొడుచుకొచ్చిన బాల్కనీ శ్లాబుకి ఇనుప కడ్డీలు పైన వెయ్యాలా, కిందా?"

"పైన సార్."

"ఇంట్లో శ్లాబుకి కిందే వేస్తాం కదా! మీ ఏఐ ఏమంది?"

"అదీ మొదట కిందే అంది సార్. నేను ఒప్పుకోలేదు. మా నాన్న శ్లాబులకి ఇనుము కట్టే రాడ్ బెండింగ్ పనికి వెళ్తాడు, బాల్కనీకి పైనే కడతాడు. ఎందుకో ఆయనకీ తెలీదు. అందుకే దానితో, నువ్వు జవాబు చెప్పొద్దు, నేను చెప్పేదాంట్లో తప్పులు పట్టు అన్నాను. తెలుగులోనే. కారణం తేలడానికి నాలుగు రోజులు పట్టింది."

జమున బోర్డు తుడిచే స్పాంజి తీసుకుని, పైనా కిందా బ్లేడుతో గాట్లు పెట్టింది. దాని సగాన్ని బల్ల మీద అదిమిపట్టి, గాల్లో ఉన్న కొసను వేలితో నొక్కింది. పైగాట్లు నోళ్లు తెరిచాయి. కిందవి మూసుకుపోయాయి.

"విడిపోయేది పైన సార్. పట్టుకునే ఇనుమూ అక్కడే ఉండాలి."

ప్రభుదాసు వంగి, తనూ ఒకసారి నొక్కి చూశాడు. తర్వాత మార్కుల కాగితం మీద యాభైకి నలభై ఎనిమిది వేశాడు.

"పాసయ్యానా సార్?"

"ఎప్పుడో!"

జమున పరుగున వెళ్లిపోయింది. వరండాలో కాచుకున్న స్నేహితురాళ్ల కేకలు కింది అంతస్తు దాకా వినిపించాయి. ప్రభుదాసు నవ్వు ఆపుకోలేక గురువుగారి వైపు తిరిగాడు.

ఆమె ఇంకా తలుపు వైపే చూస్తున్నారు.

"రెండేళ్లు నా క్లాసులో కూర్చుంది," అన్నారు. "నేను చెప్పినదాన్ని ఒక్కసారీ కాదనలేదు."