పట్టాలకు రెండో డిస్కు

పూర్వం ఒక సంస్థానంలో రైతుల పట్టాలన్నీ కంప్యూటర్ డిస్కుల్లోకి ఎక్కించారు. ఒక డిస్కు పాడైనా రెండోదానిలో నకలు ఉండేది. తన ఊరేగింపుల వీడియోలకు చోటు చాలడం లేదని దివాను కోదండరాయలు ఆపరేటర్ పైడితల్లి దగ్గరికి వచ్చాడు.

"పట్టాల నకళ్లు తీసేయ్. ఏమీ కాదులే."

పైడితల్లి నల్లటి తెర మీద ఆదేశం టైపు చేసి, ఎంటర్ నొక్కకుండా ఆగింది.

"అయ్యగారూ, బదులుగా తమరి వీడియోల నకళ్లు తీసేయనా? చోటు అంతే కలిసొస్తుంది."

"అమ్మో, డిస్కు పాడైతేనో!" అన్నాడు దివాను.

గుమాస్తాలు తలలెత్తి చూశారు. ఆ ఆదేశం చెరిపేయమని చెప్పి దివాను వెళ్లిపోయాడు.

అందరూ మెచ్చుకున్నా పైడితల్లి నవ్వలేదు. నిరుడు కొండదిగువ ఊళ్ల పట్టాల నకళ్లు తీసేయమంటే, ఏమీ అడగకుండా ఎంటర్ నొక్కింది తనే. ఆ తర్వాత అసలు పట్టాలున్న డిస్కు పాడైంది. అక్కడి ముప్పై కుటుంబాలు తమ పొలం తమదని ఇప్పటికీ రుజువు చేసుకోలేకపోతున్నాయి.