ఏడు పూటల నీళ్ళు

యాకూబ్ కంచెలో మూడు మొక్కలు చచ్చిపోయాయి. అదీ శుక్రవారానికి ఇంకా రెండు రోజులు ఉందనగా.

పర్షియా కొండల్లో బాబా ఫర్రుఖ్ అనే సూఫీ గురువు మఠం ఉండేది. మఠానికి ఒక గులాబీ తోట. గులాబీ మళ్ళ చుట్టూ జర్మాండర్ అనే మూలికతో పొట్టి కంచె. ఆ మొక్క మన వైపు కనిపించదు గనక పేరు కూడా మనకు నోరు తిరగదు. తులసికి దూరపు చుట్టం అనుకోండి. మోకాలెత్తు దాటదు, ఆకు నమిలితే కటిక చేదు, వేసవిలో ఊదారంగు పూలు పూసి తేనెటీగల్ని రప్పిస్తుంది.

కొత్తగా చేరిన శిష్యుడికి బాబా పాఠం చెప్పేవాడు కాదు. పది అడుగుల నేల చూపించి, గుప్పెడు కొమ్మలు చేతిలో పెట్టేవాడు. ఆ కొమ్మలు బతికి, గుబురెక్కి, మొక్కకీ మొక్కకీ మధ్య మట్టి కనిపించకుండా కలిసిపోవాలి. అలా కలిశాక వచ్చే శుక్రవారం, జుమ్మా నమాజు తర్వాత బాబా ఆ కంచె వెంబడి నడిచి చూసి, తన చేత్తో ఉన్ని అంగీ కప్పేవాడు. అంగీ కప్పించుకున్నవాడు తన ఊరు పోయి తానూ శిష్యుల్ని చేర్చుకోవచ్చు.

యాకూబ్ ఊళ్ళో గురువు పోయి ఏడాదయింది. నువ్వే రావాలి, నీ కోసమే చూస్తున్నాం అని ఊరివాళ్ళు రెండు ఉత్తరాలు రాశారు. మూడేళ్ళ శ్రమ ఈ శుక్రవారంతో పండుతుందనుకున్నాడు. తీరా చూస్తే ఇదీ సంగతి.

యాకూబ్‌ని తప్పుపట్టడానికి లేదు, అంత నిష్ఠ గలవాడు. అందరూ అయిదు పూటలు నమాజు చేస్తే అతను ఏడు పూటలు చేసేవాడు. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కోవాలి కదా, ఆ వజూ అందరూ బావి దగ్గర చేస్తే, అతను కూజా తెచ్చుకుని కంచె పక్కన రాయి మీద కూర్చుని చేసేవాడు. పవిత్రమైన నీళ్ళు కాలువపాలు కావడం అతనికి ఇష్టం లేదు. మొక్కలకైనా పుణ్యం దక్కుతుందనుకున్నాడు.

ఆ పక్క పదడుగులూ దావూద్ అనే ఇంకో శిష్యుడివి. కూనిరాగాలు తీస్తూ తిరిగేవాడు, నమాజుకు ఆఖరున పరుగెత్తుకొచ్చేవాడు. కొమ్మలు వేరుపట్టాక వాడు చెంబెడు నీళ్ళు పోయగా చూసినవాళ్ళు లేరు. వాడి కంచె మాత్రం తివాచీ పరిచినట్టు ఉంది. దాన్ని చూసినప్పుడల్లా యాకూబ్ కడుపు మండిపోయేది.

ఏం చేస్తాడు, తన తలపాగా నుంచి ఆకుపచ్చ దారం లాగాడు. ఖాళీకి అటూ ఇటూ ఉన్న కొమ్మల్ని వంచి, ఒకదానికొకటి కట్టేశాడు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. బాబాకి ఎలాగూ చూపు మందం.

చూపు మందమే గానీ, బాబా తోటలో చెప్పులు లేకుండా నడిచేవాడు. శుక్రవారం అలాగే నడుస్తూ వచ్చి, ఖాళీ ఉన్నచోట ఆగిపోయాడు. కాలివేళ్ళ సందుల్లోకి బురద ఎక్కింది.

వంగి, తడిమి, దారం ముడి విప్పాడు. కొమ్మలు ఎటువి అటు వెనక్కి పోయాయి. మూడు ఎండుపుల్లలు బయటపడ్డాయి.

యాకూబ్‌కి సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. “ఏడు పూటలూ వజూ నీళ్ళు పోశాను బాబా. జ్వరంలో కూడా మానలేదు. నేనేం తక్కువ చేశాను?”

బాబా ఒక పుల్ల పట్టి లాగాడు. పెద్దగా లాగే పని లేకుండానే ఊడి వచ్చింది. వేరు నల్లగా కుళ్ళి, మురుగు వాసన కొడుతోంది. దాన్ని యాకూబ్ అరచేతిలో పెట్టాడు.

“తక్కువేం చేయలేదు నాయనా. ఇది ఎప్పుడు మురికైందని రోజుకు ఏడుసార్లు కడిగావు?”

దావూద్ కిసుక్కున నవ్వాడు. బాబా అటు చూసేసరికి నోరు మూసుకున్నాడు. వాడి కంచె నుంచే మూడు లేత కొమ్మలు తుంచి, బాబా యాకూబ్‌కి ఇచ్చాడు. ఇచ్చి, రాయి మీదున్న అతని కూజా తీసుకుని తన చంకన పెట్టుకున్నాడు.

“మరి వీటికి నీళ్ళు?”

“వేరుపట్టేదాకా కొద్దికొద్దిగా. ఆ తర్వాత అడిగినప్పుడు.”

“అడిగాయని నాకెలా తెలుస్తుంది బాబా?”

“నువ్వు పోయడం ఆపితే తెలుస్తుంది.”

బాబా ముందుకు కదిలాడు. ఇవి గుబురెక్కాలంటే మళ్ళీ రెండేళ్ళు. యాకూబ్‌కి ఏడుపు ఆగలేదు. కుళ్ళిన వేరు చేతిలో పట్టుకునే వెంటపడ్డాడు.

“మా ఊళ్ళో అంతమంది నా కోసం ఎదురుచూస్తున్నారు బాబా!”

బాబా ఆగి, ఆ వేరు వంక చూశాడు.

“వాళ్ళ గురించే నా బెంగ,” అన్నాడు.