ఉత్త ఉయ్యాలలో ఏడుపు

తనను తానే నిలుపుకోలేని తల్లి దగ్గర బిడ్డను ఉంచడం న్యాయమేనా అని శిష్యుడు చిదంబరం విమలాంబ గారిని అడిగాడు. ఆశ్రమంలో అందరూ అమ్మగారని పిలిచే ఆమెకు వాదానికి దిగే అలవాటు లేదు. "అయితే బిడ్డను నీ కుటీరానికి తీసుకుపో. నీకెలా తోస్తే అలా చూసుకో" అని మాత్రం అన్నారు.

ఆ తల్లి పేరు సింగారమ్మ. గోదావరి మీద పడవ నడిపేవాడి భార్య. కాలు విరిగి మంచాన పడ్డప్పుడు నొప్పికని నల్లమందు పెట్టారు. కాలు అతుక్కుంది గాని మందు వదల్లేదు. నిండు గర్భంతో ఉన్న ఆమెను మొగుడు ఆశ్రమం మెట్ల మీద దించి, మాట్లాడకుండా పడవ తోసుకుని వెళ్లిపోయాడు. ఆశ్రమ వైద్యుడు మందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాడు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టిన మర్నాటి నుంచి వణికేది. రేకు మీద మేకుతో గీసినట్టు సన్నగా, ఆగకుండా ఏడ్చేది. తల్లి తిన్న మందు బిడ్డ ఒంట్లోంచి దిగుతోందని వైద్యుడు చెప్పినా రేవులోని ఆడవాళ్లు నమ్మలేదు. ఏదో పట్టిందని ఆ వైపు నీళ్లకు రావడం మానేశారు. సింగారమ్మకైతే పిల్ల నిద్రపోతున్నా ఆ ఏడుపు వినిపించేది, ఒకసారి కుండలోంచి, ఒకసారి గోడలోంచి. తన చేతులూ వణుకుతుంటే, ఎత్తుకుని ఎక్కడ పడేస్తానోనని దూరంగా కూర్చునేది.

చిదంబరం బిడ్డను తీసుకుపోయి, పాలివ్వడానికి ఒక బాలింతను కుదిర్చాడు. పిల్ల ఏడుపు మానేసింది. అతను సంతోషించాడు. తర్వాత చూస్తే పాలు తాగడమూ మానేసింది. రెప్ప వేయకుండా గుమ్మం వైపే చూస్తోంది. అంత పసికందుకు చూపు నిలవదని అతనికి తెలుసు.

ఆ మధ్యాహ్నం గాలి స్తంభించింది. తోటలో ఒక్క పిట్టా పలకడం లేదు. అప్పుడు సింగారమ్మ కుటీరంలోంచి అదే ఏడుపు వచ్చింది. చిదంబరం తన ఒళ్లోని పిల్లను చూసుకున్నాడు. నోరు మూసే ఉంది. పిల్లను గుండెకు అదుముకుని అటు నడిచాడు.

సింగారమ్మ ఉత్త ఉయ్యాల ఊపుతోంది. రవిక పాలతో తడిసిపోయింది. పెదవులు కదలడం లేదు. ఏడుపు ఉయ్యాలలోంచే వస్తోంది.

"మీకూ వినపడుతోందా బాబూ?" అంది ఆమె, తిరిగి చూడకుండానే. "నా ఒక్కదానికే అనుకున్నాను."

చిదంబరం దగ్గరికి వెళ్లాడు. "ఎత్తుకో తల్లీ" అని బిడ్డను అందించబోయాడు.

"నా వల్ల కాదండీ. ఈ చేతులు చూడండి."

అమ్మగారు ఎప్పుడు వచ్చారో అతను గమనించలేదు. ఆమె సింగారమ్మ వెనక చేరి కూర్చుని, తన చేతులు ఆమె చేతుల కిందుగా పోనిచ్చి, "ఇప్పుడియ్యి" అన్నారు. బిడ్డ తల్లి చేతుల్లోకి రాగానే ఏడుపు ఉయ్యాలలో ఆగి, పిల్ల గొంతులో మొదలైంది. తల్లీ బిడ్డా ఒకే లయలో వణికారు. కాసేపటికి అమ్మగారి చేతులకూ ఆ వణుకు పాకింది. ఆమె చేతులు తీయలేదు. పొద్దు వాలేలోగా పిల్ల పాలందుకుంది.

తర్వాతంతా తేలిగ్గా జరగలేదు. ఒకరోజు సింగారమ్మ నల్లమందు కోసం రేవు దాటి వెళ్లి, కళ్లు మూతలు పడుతూ తిరిగొచ్చింది. ఆ పూట అమ్మగారు బిడ్డను తామే ఎత్తుకుని తల్లి పక్కన కూర్చున్నారు. మర్నాడు మళ్లీ వెనక చేరారు. వానలు వెలిసేసరికి పిల్లకు వణుకు పోయింది. తల్లికి పోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

సింగారమ్మ ఒక్కతే పిల్లను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తుంటే ఒకనాడు చూసి, చిదంబరం అడిగాడు: "అమ్మగారూ, ఆవేళ ఆమె చేయి జారి ఉంటే?"

"ఆమె చేతులొక్కటే చూశావన్నమాట" అన్నారు విమలాంబ గారు.