ఏసోబు కాలి గోరు

నతానియేలు అన్న ఒక్క మాటకు ఒక మనిషి గుడి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే నతానియేలుకు మరీ కష్టంగా ఉంది.

సముద్రం ఒడ్డున, ఉప్పు మళ్ళ మధ్య ఉన్న చిన్న పాలెం అది. అక్కడి గుడికి తీతు అయ్యగారు చాలా ఏళ్ళుగా పాస్టరు. ఇప్పుడు వయసు మీద పడింది. కాసేపు మాట్లాడితే ఆయాసం వస్తుంది. అందుకని వేదాంత కళాశాలలో చదువు ముగించుకున్న నతానియేలును తోడుగా పెట్టుకున్నారు. అతను గట్టిగా, స్పష్టంగా ప్రసంగం చేస్తాడు. వాక్యం చూసుకోకుండా చెబుతాడు. జనం చిన్నయ్యగారని పిలుస్తూ గౌరవించేవాళ్ళు. కొంచెం భయపడేవాళ్ళు కూడా.

ఆ వారం అకాలంగా వాన పడింది. ఎండలకు వేగిపోతున్న నతానియేలుకు ఆ చల్లదనం హాయిగా అనిపించింది.

ఆదివారం ఆరాధనకు ఏసోబు ఆలస్యంగా వచ్చాడు. ఉప్పు మళ్ళలో పనిచేసే మనిషి. యాభై దాటినవాడు. మగవాళ్ళ వైపు ఖాళీ లేక ముందుకొచ్చి, ప్రసంగ బల్ల దగ్గరగా చాప మీద కూర్చున్నాడు. అతను కూర్చోగానే గుప్పున వాసన వచ్చింది.

ఆ వాసన నతానియేలుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ళ నాన్న రాత్రిపూట తలుపు తోసుకుని వచ్చినప్పుడు ఇంట్లోకి ముందు ఆ వాసనే వచ్చేది. అమ్మ పిల్లల్ని తన వెనక్కి లాక్కునేది.

ప్రసంగం మధ్యలో అతను ఆగాడు.

"రాత్రి సారా తాగి, పొద్దున్నే ఆ నోటితోనే దేవుని స్తుతించడానికి వచ్చేవాళ్ళు ఈ మందిరంలోనే ఉన్నారు," అన్నాడు. "ఇదిగో, ఈ ముందు వరసలోనే ఉన్నారు."

తలలన్నీ అటు తిరిగాయి. ఏసోబు భార్య దానమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏసోబు మెల్లగా నేల మీద చెయ్యి ఆనించి లేచాడు. ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి దానమ్మ కూడా లేచి వెళ్ళింది.

నతానియేలు ప్రసంగం కొనసాగించాడు. గోడవార కుర్చీలో కూర్చున్న తీతు అయ్యగారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

మూడోనాడు నతానియేలే ఏసోబు ఇంటికి వెళ్ళాడు. మంచి మాటలు నాలుగు చెప్పి, వాక్యం చదివి, మళ్ళీ గుడికి రమ్మని పిలవాలనుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. దానమ్మ బయటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"వందనాలు చిన్నయ్యగారూ. ఆయన పడుకొనున్నాడు."

"లేపండమ్మా, మాట్లాడతాను."

"వద్దులెండి."

"నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఏమన్నా ఉందామ్మా?"

దానమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదయ్యా. ఆ మాట ఇంట్లో నేనూ అంటాను. తాగొచ్చినప్పుడల్లా అంటాను. కానీ నేనన్నాక ఆయనకు కూడు పెడతాను గదా."

ఆమె లోపలికి వెళ్ళి తలుపు మెల్లగా వేసేసుకుంది.

నతానియేలు అయ్యగారి ఇంటికి వచ్చేసరికి ఆయన వరండాలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. అతను నిలబడే మాట్లాడాడు. మొహం ఎర్రబడి ఉంది.

"పాపాన్ని పాపమని చెప్పొద్దా అయ్యగారూ? అందరికీ ఇంపుగా ఉండేదే చెబుతూ కూర్చుంటే ఇంక బోధ ఎందుకు? నేను ఆయన మేలు కోరే చెప్పాను. వాళ్ళు నాకు తలుపేస్తున్నారు. నేనేం తప్పు చేశాను?"

అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని అతని వంక చూశారు.

"ఆదివారం ఏసోబు లేచి వెళ్ళాడు గదా. ఏ కాలితో కుంటుతున్నాడు?"

నతానియేలుకు అర్థం కాలేదు. "కుంటుతున్నాడా?"

"కూర్చో నాయనా. మజ్జిగ తాగు," అన్నారు అయ్యగారు. "రేపు పొద్దున్నే మనిద్దరం వెళ్దాం."

మర్నాడు అయ్యగారు చేతిసంచిలో ఏవో వేసుకుని బయల్దేరారు. నతానియేలు తన బైబిలు చంకలో పెట్టుకున్నాడు. తాగుడు గురించి చదవాల్సిన చోట్లలో కాగితం ముక్కలు కూడా పెట్టుకున్నాడు. దారికి రెండు వైపులా ఉప్పు మళ్ళు. వాటిల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి గానీ ఎక్కడా ఉప్పు తెల్లగా కనబడలేదు. మనుషులు కూడా లేరు. అయ్యగారు రెండు మూడు చోట్ల ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ నడిచారు.

అయ్యగారిని చూసి దానమ్మ తలుపు బార్లా తీసింది.

ఏసోబు నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వచ్చింది ఎవరో తెలిసీ తిరగలేదు. పాదాలు మాత్రం మంచం అంచు దాటి బయటికి ఉన్నాయి.

నతానియేలు వాటిని చూశాడు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానీ, ఎండలో ఎండీ తోలు తెల్లగా పేలిపోయింది. మడమలు నిలువునా పగిలాయి. కుడికాలి బొటనవేలు వాచి ఎర్రగా ఉంది. దాని గోరు కొమ్ములాగా మందమై, వంకర తిరిగి కండలోకి దిగింది.

"దానమ్మా, కాసిని నీళ్ళు వేడిచెయ్యి తల్లీ," అన్నారు అయ్యగారు.

ఆమె పొయ్యి మీద నీళ్ళు కాచి సత్తు బేసిన్‌లో పోసి తెచ్చింది. అయ్యగారు వేలు ముంచి చూసి చన్నీళ్ళు కలపమన్నారు. మంచం పక్కన పీట వేసుకుని, సంచిలోంచి పాత తుండు, కొబ్బరినూనె సీసా, గోళ్ళు తీసే కత్తెర తీశారు. వంగబోయి ఆయాసంతో ఆగిపోయారు.

"నావల్ల కాదు నాయనా. నువ్వు కూర్చో."

నతానియేలు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత బైబిలు గూట్లో పెట్టి, చొక్కా చేతులు మడుచుకుని నేల మీద కూర్చున్నాడు.

"వద్దు అయ్యగారూ," అన్నాడు ఏసోబు గోడ వైపు నుంచే. "చిన్నయ్యగారు నా కాళ్ళు పట్టుకోవడమేంది?"

"నువ్వు అట్లాగే పడుకో," అన్నారు అయ్యగారు.

నతానియేలు ఆ పాదాన్ని చేతిలోకి తీసుకుని కత్తెర గోరు కిందికి పెట్టాడు. గట్టిగా నొక్కాడు. గోరు తెగలేదు. మళ్ళీ నొక్కాడు.

"అబ్బా!" అంటూ ఏసోబు కాలు లాక్కున్నాడు. వేలి పక్కన చిన్న నెత్తుటి బొట్టు తేలింది.

నతానియేలు మొహం పాలిపోయింది. "లోపలికి దిగింది అయ్యగారూ. తియ్యకపోతే చీము పడుతుంది. ఓర్చుకోమనండి."

"ఆగు. కాలు నీళ్ళలో పెట్టు."

"ఎంతసేపు?"

"మెత్తబడేదాకా."

ఏసోబు లేచి మంచం మీద కూర్చున్నాడు. పాదాలు బేసిన్‌లో పెట్టాడు. వేడి తగలగానే కళ్ళు మూసుకున్నాడు. దానమ్మ గుమ్మంలో కూర్చుని ముంగిట్లోకి చూస్తోంది. నీళ్ళు చల్లారితే లేచి ఇంకాసిని వేణ్ణీళ్ళు కలిపి వెళ్ళేది.

నతానియేలుకు ఏం చెయ్యాలో తోచలేదు. ఊరికే కూర్చోవడం అతనికి అలవాటు లేదు. కాసేపటికి నీళ్ళలో చెయ్యి పెట్టి, మడమ పగుళ్ళలో ఇరుక్కున్న మట్టిని బొటనవేలితో మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు.

అప్పుడతనికి వాళ్ళ నాన్న పాదాలు గుర్తొచ్చాయి. ఆస్పత్రి మంచం మీద దుప్పటి కిందనుంచి ఇట్లాగే బయటికి ఉండేవి. చివరి రోజుల్లో నతానియేలు సెలవు పెట్టి వెళ్ళాడు. మంచం పక్కన నిలబడి, పశ్చాత్తాపం గురించి చదివి వినిపించాడు. ఒక్క తప్పు లేకుండా చదివాడు. నాన్న వింటూ ఒకసారి చెయ్యి ముందుకు చాపాడు. నతానియేలు రెండు చేతులా బైబిలు పట్టుకుని ఉన్నాడు. చదవడం ఆపలేదు.

అతను తల ఇంకా కిందికి వంచుకున్నాడు. చేతులు మాత్రం ఆగలేదు.

"తాగినాను అయ్యా," అన్నాడు ఏసోబు హఠాత్తుగా.

నతానియేలు తలెత్తి చూశాడు.

"ఈస్టరు నించీ మానేసినా. దాన్నడగండి. చుక్క ముట్టలా. ఆ వాన పడింది గదా, మళ్ళలో తేలిన ఉప్పంతా కరిగిపాయె. కుప్పలు పోసింది గూడా పాయె. గట్టు మీద నిలబడి చూస్తానే ఉన్నా. నీళ్ళల్లో నీళ్ళయిపాయె. శనివారం కాళ్ళు సారా కొట్టుకే లాక్కపోయినై."

దానమ్మ తల తిప్పి అతని వంక చూసింది. అతను బేసిన్‌లోకి చూస్తూ మాట్లాడుతున్నాడు.

"పొద్దున్నే మెలకువొచ్చింది. మళ్ళీ అక్కడికే పోవాలని లోపల ఒకటే పోరు. ఇంట్లో కూర్చుంటే పోతానని తెలుసు. ఇంక యాడికి పోవాల? గుళ్ళో కూర్చుంటే ఆరాధన అయిందాకా అన్నా ఆగుతా గదా అనుకున్నా. వాసనొస్తదని తెలుసు. అయినా వచ్చినా."

నతానియేలు చెయ్యి నీళ్ళలో అట్లాగే ఆగిపోయింది.

"గుళ్ళోంచి వెళ్ళాక..." అని అడగబోయాడు.

"ఆ, పోయినా," అన్నాడు ఏసోబు. "అక్కడికే పోయినా."

మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పాడంతే.

అయ్యగారు వంగి, బొటనవేలి గోరును వేలితో నొక్కి చూశారు. "ఇప్పుడు చూడు నాయనా," అన్నారు.

నతానియేలు పాదాన్ని తుండులో తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఈసారి అంచు నుంచి కొంచెం కొంచెంగా తీశాడు. ప్రతిసారీ తలెత్తి ఏసోబు మొహం చూశాడు. "నొప్పిగా ఉందా?" అని అడిగాడు. "లేదయ్యా, తియ్యండి," అన్నాడతను. కండలోకి దిగిన ముక్క చివరికి మెత్తగా ఊడి వచ్చింది. ఏసోబు పెద్దగా ఊపిరి వదిలాడు. నతానియేలు కూడా. తర్వాత మిగతా గోళ్ళన్నీ తీశాడు. ఎవరూ చెప్పకుండానే రెండో కాలు కూడా ఒళ్ళో పెట్టుకున్నాడు. మడమలకు నూనె రాశాడు.

"ప్రార్థన చెయ్యి, వెళ్దాం," అన్నారు అయ్యగారు.

నతానియేలు ఆ పాదాలు వదలకుండానే కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా," అన్నాడు. "ఈయన ఏసోబు." అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాలని చూశాడు, కుదరలేదు. అతని భుజాలు కదలడం దానమ్మ చూసింది.

"ఆమెన్," అన్నారు అయ్యగారు, పెద్ద ప్రార్థన ముగిసినట్టు.

ఆ రోజుతో ఏసోబు తాగుడు మానేశాడని చెప్పడానికి లేదు. రెండు రోజులు తిరక్కముందే ఒకసారి తడబడుతూ ఇల్లు చేరాడని దానమ్మ చెప్పింది. ఆ సంగతి ఆమె నతానియేలుకే చెప్పింది, గుమ్మంలో కాదు, లోపల పీట వేసి కూర్చోబెట్టి. ఆ పూట వాళ్ళింట్లో రొయ్యల కూరతో అన్నం తిని వచ్చాడతను.

ఆదివారం ఏసోబు గుడికి వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. తలుపు పక్కనే, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చన్నట్టు కూర్చున్నాడు. ఆరాధన చివరిదాకా కూర్చునే ఉన్నాడు.

జనం వెళ్ళిపోయాక నతానియేలు చాపలు చుడుతున్నాడు. అయ్యగారు తన కుర్చీలోంచి లేవడానికి చెయ్యి చాపారు. అతను వచ్చి లేవదీశాడు. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగారు.

"అయ్యగారూ," అన్నాడు నతానియేలు. "ఆ రోజు నేను ఏసోబు గురించి అన్న మాట..."

"నిజమే చెప్పావు నాయనా."

అయ్యగారు కింది మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని, అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ సంగతి ఏసోబుకి ముందే తెలుసు."